నల్లబడ్డ పులుసు

నా చిన్నప్పుడు, కలకత్తా రేవు దగ్గరి మా ఇంట్లో, చింతపండు వంటకే కాక తుప్పు వదిలించడానికీ వాడేవారు. తాతయ్య రేవులో పనిచేసేవాడు. వానాకాలం వస్తే ఆయన పానాలు, కొక్కేలు ఇట్టే తుప్పు పట్టేవి. పాత చింతపండు పిసికిన నీళ్ళలో వాటిని నానబెట్టి, మర్నాడు పీచుతో తోమితే ఇనుము బయటపడేది. మిగిలిన నీళ్ళు సిరాలా ఉండేవి. "పులుపు తుప్పుని తినేస్తాదిరా. మరిసిపోయి వదిలేసినావా, ఇనుముని కూడా తినేస్తాది" అని నాకు చెప్పింది ఆయనే.

బాబాయి ఒక బెంగాలీ అమ్మాయిని పెళ్ళి చేసుకుని ఇంటికి తెచ్చాడు. నేను పిన్ని అనేవాణ్ణి. నాయనమ్మ మాత్రం ఆమెను ఏ పేరుతోనూ పిలిచేది కాదు. ఆ పిల్ల మందు పెట్టి మావాణ్ణి లొంగదీసుకుందని మా వీధి తెలుగువాళ్ళందరి నమ్మకం. ఎలాగైనా అత్తగారి మనసు గెలవాలని పిన్ని ఒక ఆదివారం చేపల పులుసు తానే వండుతానంది.

మేం పులుసు మట్టి దాకలో కాచేవాళ్ళం. వాళ్ళింట్లో చేపకు ఆవాల ముద్దే తప్ప అంత చింతపండు పోయరు. ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇనప మూకుడు పొయ్యెక్కించింది. తడికి దాని అంచులు అప్పటికే ఎర్రబడి ఉన్నాయి. పొద్దున్నే వండి, పులుసు అందులోనే ఉంచేసింది. వడ్డించేసరికి అది నల్లగా ఉంది. నోట్లో పెడితే ఇనుము రుచి.

"ఏటి కలిపినావే ఇందులో? నా కొడుక్కెట్టిన మందు సాలక మాకూ ఎట్టీసినావా?" అంటూ నాయనమ్మ కంచం తోసేసింది.

"కిచ్చు నా, మా! ఏమీ కలపలేదు, చింతపండే!" పిన్ని ఆ పులుసు తన అన్నంలో పోసుకుని అందరి ముందూ తినబోయింది. బాబాయి చటుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్న తీరులోనే, అతనికీ అనుమానమేనని ఆమెకు తెలిసిపోయింది.

"తాతా, మూకుడు ఇనపది కదా..." అన్నాను.

"నోర్ముయ్‌రా గుంటడా" అని కసిరాడు తాతయ్య. సాయంత్రం కుళాయి దగ్గర మళ్ళీ అడిగితే, చుట్టూ చూసి మెల్లగా అన్నాడు: "నిజం సెప్తే ఆ పిల్ల మనింట్లో ఉండిపోతాదిరా."

పిన్ని ఆ వారమే బడ్జ్ బడ్జ్‌లోని పుట్టింటికి వెళ్ళిపోయింది. బాబాయి తీసుకురావడానికి వెళ్ళలేదు.

అప్పుడు పిల్లవాణ్ణి, భయపడ్డాను. కానీ పెద్దయ్యాక పెళ్ళిళ్ళలో 'బెంగాలీ పిన్ని మందు పులుసు' కథ చెప్పి అందరినీ నవ్వించింది కూడా నేనే. అందుకే ఇది రాస్తున్నాను. చింతపండులోని ఆమ్లం తుప్పును కరిగించుకుంది, దాని కింది ఇనుమును కొంత తీసుకుంది, పులుసు నల్లబడింది. అంతే. ఆమె ఏమీ కలపలేదు.

కిందటేడు బడ్జ్ బడ్జ్ వెళ్ళి పిన్నికి ఈ మాటే చెప్పాను. ఆమె నా వైపు తిరిగి అడిగింది:

"తుయ్ జాన్‌తిస్? ఆ దినమే తెలుసా నీకు?"

తెలుసన్నాను. తాతయ్యకూ తెలుసన్నాను. ఆమె లేచి లోపలికి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆమె తమ్ముడు నన్ను గుమ్మం దాకా సాగనంపాడు.

ఇప్పటికీ ఎక్కడైనా పదిమంది కలిసి ఒకరి మీద పడితే, ముందు నా తల కిందికే దిగుతుంది. అది తాతయ్య దగ్గర నేర్చినదే. దాన్ని ఎత్తి నోరు తెరవడానికి ఈ వయసులో కూడా ప్రతిసారీ కష్టపడాల్సి వస్తోంది.