మిర్చి పువ్వు తడితే పాయింటు

నల్ల తామర పురుగు మిర్చి తోటలను ఊడ్చేసిన మరుసటి ఏడు, వానాకాలం మొదట్లో నన్ను జనగామ నుంచి మహబూబాబాద్ జిల్లాకు సహాయ వ్యవసాయ సంచాలకుడిగా వేశారు. విస్తరణాధికారులకు పైన, జిల్లా అధికారికి కింద ఉండే కుర్చీ అది. అక్షింతలు రెండు వైపుల నుంచీ పడతాయి. పురుగు ఏ ఊళ్లో ఎప్పుడు దిగిందో రైతుల ఫోన్ల ద్వారానే కనిపెట్టాలన్నది నాకు అప్పగించిన పని.

పద్ధతి సులువే. పూత మీదున్న కొమ్మ కింద తెల్ల కాగితం పట్టి పువ్వును తట్టాలి. పురుగుంటే నల్లటి నలుసుల్లా రాలి పాకుతుంది. దాన్ని ఫోటో తీసి మా యాప్‌లో పంపాలి. ముందే తెలిస్తే నీలి జిగురు అట్టలు కట్టి, వేపనూనె కొట్టి అదుపు చేయవచ్చు. ఆలస్యమైతే పూత రాలిపోతుంది, కాయ ఉండదు. ఇంత మేలున్న పనికి ఫోటో పంపే నాథుడే లేడు.

నాకు చిన్నప్పటి నుంచి ఆటల పిచ్చి. బతుకమ్మను ఎత్తుగా పేర్చినవాళ్లకు ఎవరూ ఏమీ ఇవ్వరు. అయినా పక్కింటి బతుకమ్మ కంటే తమది జానెడు ఎత్తుండాలని గునుగు పువ్వు కోసం ఎంత దూరమైనా పోతారు కదా! ఆ పంతాన్ని మిర్చి తోటలోకి తేవాలనుకున్నాను. పురుగు ఫోటోకు పది పాయింట్లు, ప్రతి సోమవారం రైతు వేదిక దగ్గర బోర్డు మీద పేర్లు. రైతు బతుకు మీకు ఆటగా ఉందా అని జిల్లా అధికారి విసుక్కున్నారు. ఒక్క నెల చూడండి సార్ అని పట్టుబట్టాను.

వారం తిరిగేసరికి ఫోటోలు వచ్చి పడ్డాయి. నా కాళ్లు నేల మీద నిలవలేదు. ఆ సంబరం నర్సింహులపేటలో దిగింది. అక్కడ రెండెకరాలు కౌలుకు చేస్తున్న కౌసల్య రైతు వేదిక మెట్ల మీదే నన్ను నిలేసింది.

"గిదేం ఆట సారు? నా చేన్ల పురుగున్నదని ఊరంత డప్పు గొట్టిన్రు. ఆసామి చెవిన పడితే చేను వాపస్ తీసుకుంటడు. నిరుడు పంట పోయె. గీసారి చేనే పోతే నేనెట్ల బతకాలె?"

విచారిస్తే సంగతి బయటపడింది. మా వైపు తన చేలో పురుగుందని తానే చెప్పుకోవడం నామోషీ, పైగా దిష్టి. అందుకని పాయింట్ల కోసం అందరూ పక్క చేలల్లో దూరి పువ్వులు తట్టారు! గెలవమన్నాం, గెలిచారు. వాళ్లను అనడానికి ఏముంది?

వెంటనే ఆట మార్చాం. బోర్డు మీద మనుషుల పేర్లు తీసేసి ఊరి పేరు ఒక్కటే ఉంచాం. పురుగున్నా లేకున్నా, తన చేలో పువ్వు తట్టి చూసినందుకే పాయింట్లు. ఉన్న పురుగు మరుసటి వారానికి తగ్గితే ఊరికి రెట్టింపు. భూపాలపల్లి జిల్లా అధికారులను ఒప్పించి, పోటీకి అక్కడి రేగొండను దింపాం.

ఇక చూడాలి! కౌసల్య చేలో పురుగుందని చాటింపు వేసినవాళ్లే జిగురు అట్టలు పట్టుకొని ఆమె గట్టు మీదికి వచ్చారు. "జర జల్ది కట్టుండ్రి, రేగొండోళ్లు మనకంటె ముందటికి పోతున్నరు" అని ఒకాయన ఒకటే తొందర. కౌసల్య మొదట ముఖం తిప్పుకుంది. కాసేపటికి కాగితం తనే పట్టింది. మరుసటి సోమవారానికి ఆమె కాగితం మీద నలుసులు పలచబడ్డాయి. పక్కన జిల్లా అధికారి ఉన్నారని కూడా చూడకుండా చప్పట్లు కొట్టేశాను. ఆయన గొంతు తగ్గించి, రేగొండకు ఎన్ని వచ్చాయని అడిగారు.

చివరికి రేగొండే గెలిచింది. ఓదార్చుదామని వెళ్తే, కౌసల్య కల్లంలో మిర్చి ఎర్రగా ఆరబోసి ఉంది. ఆసామి మళ్లీ ఆమెకే కౌలుకు ఇచ్చాడట.

"వచ్చే యేడు ఆట ఎప్పుడు పెడ్తరో ముందుగాల చెప్పుండ్రి సారు. రేగొండోళ్లను ఊకె ఇడిచిపెట్టేది లేదు" అంది.

పాయింట్లు పెడితే జనం వస్తారు, అందులో అనుమానం లేదు. అయితే దేనికి పాయింటు పెడతామో వాళ్లు దాన్నే పండిస్తారు. పురుగుకు పెడితే పురుగును పట్టుకొచ్చారు. పక్క చేను బాగుపడితే తమకూ పాయింటని చెప్తే, పక్క చేలోనూ చెమటోడ్చారు.