మట్టికోట మీద తల లేని మనిషి

నేను రాస్తున్న నవలలో ఒక పాత కోట, అందులో తెల్లటి దయ్యం, దాని వెంటపడే పిరికి డిటెక్టివ్ ఉన్నారు. చివరి అధ్యాయం తప్ప అంతా అయిపోయింది. మా హైదరాబాద్ అపార్ట్‌మెంట్ ఆడవాళ్లు వారం వారం చదివించుకుని నవ్వారు. కానీ దయ్యం అంటే దుప్పటి కప్పుకున్న వాచ్‌మన్ అని తేలుస్తానంటే ఒక్కరూ ఒప్పుకోలేదు. ఆదివారంలోపు మంచి ముగింపు దొరకకపోతే రాయడమే మానేద్దామనుకుని, ఆఖరి ప్రయత్నంగా వరంగల్ కోటకు బయలుదేరాను.

ముందురోజు సాయంత్రమే రైల్లో వరంగల్ వచ్చి మట్టెవాడలో చెల్లెలింట్లో దిగాను. తెల్లవారి ఐదున్నరకు ఆటో మాట్లాడుకున్నాను. అక్కడ ఆగి తిరిగి తీసుకురావడానికి మూడు వందలు.

"గింత పొద్దుగాల కోటల ఏం పనక్కా?" అన్నాడు డ్రైవర్ యాదగిరి.

"దయ్యాన్ని వెతకాలి."

"దొరికితే దాని చార్జి అలగ్."

కోటంటే చీకటి గదులు, కిర్రుమనే తలుపులు అనుకున్నాను. తీరా చూస్తే మట్టిగోడకూ రాతిగోడకూ మధ్య మొక్కజొన్న చేలు, ఇళ్లు, వాకిళ్లు ఊడుస్తున్న ఆడవాళ్లు. దయ్యానికి దాక్కునే చోటే లేదు. ఉసూరుమంటూ నేనూ యాదగిరీ మట్టికోట కట్ట ఎక్కాం. అప్పుడే మసక వెలుతురులో ఒక ఆకారం మా వైపు నడిచి వచ్చింది. తల ఉండాల్సిన చోట పెద్ద తెల్లటి గుబురు. ముఖం లేదు. నేను యాదగిరి వెనక్కి వెళ్లాను. యాదగిరి నా వెనక్కి వచ్చాడు.

"జర పక్కకు జరుగుండ్రి, తొవ్వ కనబడ్తలేదు," అంది ఆకారం.

బతుకమ్మ కోసం కోసిన గునుగుపూల మోపు అది. కింద ఉన్నది అక్కడే ఉండే లచ్చమ్మ. మోపు దించి యాదగిరిని చూసింది.

"ఏందిరా, అక్క కొంగు పట్టుకున్నవ్?"

"ఆమె పడిపోతదని పట్టుకున్న పెద్దమ్మా."

నవ్వులయ్యాక నా కథ చెప్పాను. ఆమె చివరిదాకా విని, "ఆఖరికి దయ్యం ఏమైతది?" అంది.

"పోలీసులు పట్టుకుంటారు."

"ఏం తప్పు చేసిందని? కూసోబెట్టి బతుకమ్మ పేర్పియ్యి. నలుగురు కూసుంటే జల్ది అయితది."

ఎనిమిదింటిదాకా ఆమె వాకిట్లో కూర్చుని నేనూ తాంబాళంలో తంగేడు, గునుగు వరసలు పేర్చాను. యాదగిరి కాడలు కత్తిరించాడు, అదీ వంకరగా.

ముగింపు అక్కడే దొరికింది. ఇప్పుడు నా నవలలో దయ్యం నిజం దయ్యమే, దాన్ని ఎవరూ పట్టుకోరు. డిటెక్టివ్, వాచ్‌మన్, సగం ఊరు దాని చుట్టూ కూర్చుని పూలు పేరుస్తూ, ఎవరు ఎవరికి భయపడ్డారో ఒకేసారి చెప్పుకుంటారు. చీకటి గదుల కోసం వెళ్లిన నాకు భయం ఆరుబయట ఎదురైంది, అది నవ్వుగా మారడానికి ఒక్క మాట చాలింది.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. బతుకమ్మ రోజుల్లో వెళ్లండి, టికెట్టు కొని కాకతీయుల రాతి తోరణాలు చూసే ముందే, పొద్దు పొడిచే వేళకు మట్టికోట ఎక్కండి. తెల్లటి ఆకారం ఎదురైతే పరుగెత్తకండి. మోపు బరువుగా ఉంటుంది, ఒక చెయ్యి వేయండి.