బెల్లం వెయ్యని కప్పు

మా ఇంటిగలవాళ్ళ వంటింట్లో పంచదార డబ్బా ఉండదు. మరిచిపోయి కాదు, పట్టుదల. వెంకటరమణమూర్తి గారికి అనకాపల్లి మార్కెట్లో తాతల నాటి బెల్లం కొట్టు ఉంది. ఆ ఇంట్లో పంచదార అడగడమంటే ఆయన్ని ముఖం మీద తిట్టడమే. మేడ మీద అద్దెకి దిగిన కొత్తలో నేను తెలియక అడిగేశాను. ఆయన భార్య సత్యలక్ష్మి గారు గుమ్మంలోంచి అటూ ఇటూ చూసి, "మెల్లిగా అనమ్మా, ఆయన వింటారు" అంది. ఆ రోజు నుంచి ఆవిడ నాకు అత్తయ్యగారు, ఆయన మావయ్యగారు.

కిందటి చలికాలం వైజాగ్ నుంచి మనవరాలు దేవిశ్రీ వచ్చి, తాతగారి పుట్టినరోజుకి కేకు చేసి, మిగిలిన కోకో పొడి డబ్బా వదిలి వెళ్ళింది. అత్తయ్యగారికి ఏదీ పారెయ్యడం చేతకాదు. "పాలల్లో కలిపి కాచుకోవడమే అందమ్మా పిల్ల. రా, చూద్దాం" అని నన్ను కిందకి పిలిచింది. పాలు పొయ్యి మీద పెట్టింది, పొడి వేసింది, చెయ్యి ఊరుకోక మరుగుతున్న పాలల్లోనే ఇంత బెల్లం పడేసింది. పాలు కాస్తా విరిగి కూర్చున్నాయి. పరవాన్నం దించాక గానీ బెల్లం వెయ్యకూడదని వీధి వీధికీ పాఠం చెప్పే మనిషి! నేను నవ్వాపుకోలేకపోయాను.

"నవ్వకు. పరవాన్నానికైతే గుర్తుంటాది. ఇది దొరల పాయసం కదా" అంది.

రెండోసారి బుద్ధిగా చేసింది. పొడిని కాసిన్ని గోరువెచ్చని పాలతో ఉండల్లేకుండా మెదిపి, కాగుతున్న పాలల్లో పోసి, ఒక యాలక్కాయ చితక్కొట్టి వేసి, చిటికెడు ఉప్పు రాల్చింది. దించి కాస్త వేడి తగ్గాక కప్పుల్లో పోసి, ఏ కప్పుకి ఆ కప్పు బెల్లం కోరు విడిగా తీసి, మా ఇద్దరి కప్పుల్లో కలిపింది. బయట పొగమంచు మేడలన్నిటినీ మెల్లగా తుడిచేస్తోంది. తుమ్మపాల వైపు ఎక్కడో బెల్లం వండుతున్నారేమో, ఆ వాసన వచ్చి కప్పులోని ఆవిరితో కలిసిపోయింది. కాసేపు మేమిద్దరం ఏ ఊళ్ళో ఉన్నామో మరిచిపోయి కూర్చున్నాం.

మావయ్యగారు వరండాలో పేపరు పట్టుకుని తన కప్పు ఖాళీ చేశారు. "బావుందే. తీపి సరిగ్గా సరిపోయింది" అన్నారు.

అత్తయ్యగారు వంటింట్లోకి వచ్చి ఒక్కసారిగా ఆగిపోయింది. ఆయన కోసం తీసిన బెల్లం కోరు కలపడం మరిచిపోయింది, సాసర్లో అలాగే ఉంది. ఆయన కప్పు అడుగున మిగిలిన చుక్క నాలిక మీద వేసుకుంది. వట్టి చేదు.

"వర్షాల్లో జ్వరం వచ్చిన దగ్గర్నుంచి పప్పులో ఉప్పు లేదనీ, చారులో పులుపెక్కువనీ ఒక్క మాటనలేదమ్మా. ఇన్నాళ్లకి నా మొగుడు మంచోడయ్యేడనుకున్నాను" అంది నాతో గుసగుసగా నవ్వుతూ. ఆ నవ్వు మొహాన ఎంతోసేపు నిలవలేదు. జ్వరంతో ఆయన నాలికకి రుచి పోయింది. బెల్లం రంగు కన్ను చూస్తుంది, గట్టిదనం చెయ్యి చూస్తుంది. ఉప్పునేల చెరుకు వల్ల బెల్లానికి ఉప్పు తగిలిందో లేదో నాలికే చెప్పాలి. ఆయన మంచిదన్న సరుకు కళ్ళు మూసుకుని కొనేవాళ్ళున్నారు. వాళ్ళింట పరవాన్నం ఒక్కసారి ఉప్పగా తేలిందంటే తాతల నాటి పేరు గంగలో కలిసినట్టే. అందుకే ఆయన ఇంట్లో కూడా నోరు విప్పలేదు.

అడిగెయ్యండి అన్నాను. "అడిగితే ఆయన చిన్నబోతారు" అంది.

మర్నాటి నుంచి ఆవిడకి కొత్త జబ్బు పట్టుకుంది. రోజూ ఏదో వంక. పరవాన్నానికనీ, చలిమిడికనీ, ఏ బెల్లం దిమ్మ బావుంటే అది కొంటాననీ, కొట్టుకి వచ్చిన ప్రతి సరుకులోంచీ ఓ ముక్క ఇంటికి తెప్పించేది. వరండాలో ఆయన పక్కనే పీట వేసుకుని నోట్లో వేసుకుని, గోడకి చెబుతున్నట్టు గొణిగేది.

"ఇది ఉప్పగా ఉంది. సముద్రం వైపు తోటలదేమో. ఇది నయం. ఇదైతే కమ్మగా, ఎంత బావుందో!"

పేపరు వెనక ఆయన కదిలేవారు కాదు. పేజీ కూడా తిప్పేవారు కాదు. మర్నాడు మార్కెట్లో ఏ దిమ్మ ఉప్పనో, ఏది కమ్మనో ఆయన పొల్లు పోకుండా చెప్పేవారట. కాపురానికొచ్చిన దగ్గర్నుంచి బెల్లం మధ్యే బతికిన మనిషిని, ఏది మంచిదని ఆ ఇంట్లో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు బజారంతా ఆవిడ నాలిక మీద నడుస్తోంది. నాకు మాత్రం గర్వంగా ఉండేది. ఆవిడకి అదేమీ పట్టలేదు. రోజూ సాయంత్రం కోకో కాచి, ఆయనకి రుచి తిరిగొచ్చిందేమో చూడ్డానికి ఆయన కప్పులో కావాలనే బెల్లం వెయ్యకుండా ఇచ్చేది. ఆయన తాగి "బావుంది" అనేవారు. ఆవిడ మొహం వాడిపోయేది. చలికాలం అలా కలలోలాగా గడిచింది.

శివరాత్రి దాటాక ఓ సాయంత్రం నేనూ వరండాలోనే ఉన్నాను. మావయ్యగారు ఒక గుక్క తాగి ఆగారు. ఇంకో గుక్క తాగారు. పేపరు ఒళ్ళోకి జారిపోయింది.

"ఏటే ఇది? చేదుగా ఉంది!"

అత్తయ్యగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా ఏడుపు ఆగలేదు. ఆయన కప్పులోకీ, ఆవిడ మొహంలోకీ మార్చి మార్చి చూశారు.

"బెల్లం వెయ్యలేదేటి?"

"ఎప్పుడు వేసేను గనక?"

"ఇన్నాళ్లూ?"

"మీరు చెప్పకపోతే నాకు తెలీదనుకున్నారేటి?"

ఆయన తల దించుకున్నారు. "ముక్కలు తెప్పించినప్పుడే నీకు తెలిసిపోయిందని అనుమానం వచ్చిందిలే. అడిగితే నువ్వు రుచి చెప్పడం ఆపేత్తావేమోనని భయపడ్డాను" అన్నారు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ బెల్లం సాసరు అందుకుంది. ఆయన కప్పు మీద చెయ్యి అడ్డం పెట్టారు.

"వద్దు. ఇంకాసేపు చేదుగానే ఉండనీ."