నేనన్నది అదే

మీ ఇంటివారు నిన్న మీతో చెప్పిన ఒక మాటను, వారు విని "అవును, నేనన్నది అదే" అని ఒప్పుకునేలా మీరు తిరిగి చెప్పగలరా? ఈ ప్రశ్న నాది కాదు. నల్లగొండలో డిగ్రీ చదివిన రోజుల్లో మాకు రాజనీతిశాస్త్రం బోధించి, వాదన పోటీలకు తయారుచేసిన సుభద్ర మేడమ్‌ది. పోచంపల్లి నుంచి మా బాపు ఫోన్ చేసినప్పుడల్లా ఆయన గొంతు వెనుక మగ్గాల చప్పుడు, దాని వెనుక ఎవరివో నవ్వులు వినిపిస్తాయి. ఫోన్ పెట్టేశాక మహబూబ్‌నగర్‌లోని నా కిరాయి గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ మిగలదు. ఆ క్షణాన మేడమ్ గుర్తొస్తారు.

మేడమ్‌ది కట్టంగూర్ దగ్గరి వ్యవసాయ కుటుంబం. పాఠం చెప్పేటప్పుడు పుస్తకభాష మాట్లాడేవారు. పాఠం ముగిసిన మరుక్షణం ఊరి మాటలోకి దిగేవారు. మధ్యాహ్నం తరగతులయ్యాక ఖాళీ గదిలో మాకు సాధన జరిగేది. అక్కడ ఆమెది ఒకటే నియమం. ఎదుటివాదనను ఖండించే ముందు దాన్ని మన నోటితో చెప్పాలి. చెప్పింది సరిగ్గా ఉందని ఎదుటివాడు తలూపితేనే మనకు మాట్లాడే హక్కు. ఒకరోజు పల్లెల్లో మద్యం దుకాణాలు మూసేయాలా వద్దా అన్నది అంశం. వద్దన్న పక్షాన యాదగిరి అనే సహాధ్యాయి మాట్లాడాడు. "దుకాణాలు ఉండాలని యాదగిరి కోరుకుంటున్నాడు" అని ఒక్క వాక్యంలో తేల్చేసి, నా ఖండన మొదలుపెట్టబోయాను. అతడు తలూపలేదు. కావాలనే ఊపడం లేదని నేను మేడమ్‌కు ఫిర్యాదు చేశాను.

"ఊపకపోతే ఊపేదాంక విను. నీకేం బస్సు పోతాందా?" అన్నారామె.

గదంతా నవ్వింది. యాదగిరి మళ్లీ చెప్పాడు. దుకాణం మూస్తే అమ్మకం ఇళ్లలోకి వస్తుందనీ, అప్పుడు ఇంట్లోని ఆడవాళ్లకు తప్పించుకునే చోటు కూడా ఉండదనీ అతని వాదన. భర్త తాగుడుతో అవస్థపడే తన అక్క ఇంటి సంగతి అందులో ఉందని మాకందరికీ అర్థమైంది. నేను దాన్ని తిరిగి చెప్పాను. అతడు తలూపాడు. ఆ తర్వాత ఖండించడానికి నా దగ్గర మాటలున్నాయి గానీ, అవి మునుపటంత గట్టిగా లేవు. వాదనకు పదును పెట్టాల్సిన గురువే దాన్ని మొద్దుబారుస్తున్నారని ఆనాడు అనుకున్నాను.

మూడో సంవత్సరంలో బాపు ఇంట్లోని మగ్గం తీసేస్తానన్నారు. హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు కాపలాదారుగా పోతానన్నారు. అప్పటికి అమ్మ పోయి ఏడాది దాటింది. సెలవులకు వెళ్లినప్పుడు తాతల నాటి విద్య గురించి, నగరంలో కాపలా బతుకు గురించి నేను చెప్పవలసినవన్నీ వరుసగా చెప్పాను. బాపు "మా వకీలమ్మతోని ఎవరు గెలుస్తరు" అని నవ్వి, అడ్డపోగు నేసే నాడెను చేతిలోకి తీసుకున్నారు. కానీ మగ్గం కొనేవాళ్లను వెతకడం మానలేదు.

కాలేజీకి తిరిగొచ్చి ఇదంతా చెబితే మేడమ్ చివరిదాకా విన్నారు. తర్వాత అడిగారు: "నువ్వేమన్నవో మంచిగ చెప్పినవ్. మీ బాపు ఏమంటున్నడు?"

మగ్గం తీసేస్తానంటున్నాడన్నాను.

"అది ఆయన చేసే పని. ఎందుకంటున్నడో చెప్పు. ఆయన తలూపేటట్టు చెప్పు."

ఆ ఆదివారమే ఊరికి బస్సెక్కాను. బాపు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. నేను పక్కన నేల మీద కూర్చున్నాను. కళ్లు కనబడక మానేస్తానంటున్నావా అని అడిగాను. "గది గాదు బిడ్డా" అన్నారు. కూలి గిట్టడం లేదనా అంటే, "గదీ గాదు" అన్నారు. నేను మూడో కారణం వెతకలేదు. చాలాసేపటికి ఆయన మగ్గం ఆపి గోడవైపు చూపించారు. అక్కడ ఆసు ఆనించి ఉంది. రంగులద్దే ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి పోసే ఆ చట్రం ముందు అమ్మ కూర్చునేది. ఆమె ఆసు పోస్తుంటే, ఈయన నేస్తుంటే, ఇద్దరి మధ్యా రోజంతా మాట నడిచేది. ఇప్పుడు ఆసు పోసిన నూలు బయటి నుంచి వస్తోంది.

"పొద్దంత మగ్గం ఒక్కటే చప్పుడు చేస్తది. గేటు కాడైతే వచ్చెటోళ్లు, పోయెటోళ్లు ఉంటరు గద. ఒక్కడన్న పలకరిస్తడు."

నేను నెమ్మదిగా తిరిగి చెప్పాను: నేతపని మీద విసుగు కాదు, ఒంటరిగా నేయలేకపోతున్నావు. బాపు తలూపారు.

ఆ మాట ఒకటి తెలిశాక దారి దొరకడానికి ఎక్కువ కాలం పట్టలేదు. మా మేనమామ ఇంటి వెనుక రేకుల షెడ్డులో నలుగురు కలిసి నేస్తారు. బాపు మగ్గం అక్కడికి మారింది. మా ఇంట్లో గుంట పూడ్చి గచ్చు చేయించాం. ఇప్పటికీ ఆ చోట అడుగు వేయాలంటే నాకు మనసొప్పదు.

నాకు మహబూబ్‌నగర్‌లో ఉద్యోగం వచ్చేనాటికి మేడమ్ పదవీ విరమణ చేసి అదే పట్టణంలో ఒంటరిగా ఉంటున్నారు. ఆదివారాలు వెళ్లేదాన్ని. ఒకసారి తన మాట వినేవాళ్లు తగ్గిపోయారన్నారు. ఇంటికి ఎవరూ రావడం లేదా అని అడిగాను.

"వస్తరు. మోకాలికి ఏ నూనె రాయాల్నో చెప్పి పోతరు. నొప్పి ఎట్లుందో మాత్రం అడగరు."

"ఎట్లుంది మేడమ్?" అన్నాను.

పొద్దు వాలేదాకా చెప్పారు. నొప్పి గురించి మొదలై, భర్త పోయిన ఏడాది మీదుగా, మేమంతా వెళ్లిపోయాక ఖాళీగా మిగిలే ఆ తరగతి గది దాకా వచ్చారు. చివర్న నేను రెండు వాక్యాల్లో తిరిగి చెబితే కళ్లు మూసుకుని తలూపారు. మరుసటి వానాకాలంలో ఆమె పోయారు.

ఈ పట్టణంలో నాతో మాట్లాడేవాళ్లున్నారు. నా మాటను నాకు తిరిగి చెప్పేవారు లేరు. అయినా ఆ అలవాటు పోలేదు. బాపు ఫోన్ పెట్టేశాక, ఆయన చెప్పింది ఖాళీ గదిలో పైకి ఒకసారి చెప్పుకుంటాను. ఎక్కడైనా తడబడితే మళ్లీ ఫోన్ చేసి అడుగుతాను. "ఇందాకనే చెప్తి గద" అని ఆయన విసుక్కుంటారు, చెబుతారు.

మిమ్మల్ని ఒక్కటే కోరుతున్నాను. మీ ఇంట్లో ఈ మధ్య మాట తగ్గించిన మనిషి ఎవరో మీకు తెలుసు. ఈ సాయంత్రం వారి పక్కన కూర్చోండి. సలహా ఇవ్వకండి. వారు చెప్పింది మీ నోటితో తిరిగి చెప్పండి. వారు తలూపేదాకా లేవకండి.