ఎర్ర గీతల కింద పోలయ్య

వారం రోజులుగా మా ఫోటోల గ్రూపులో నేను నోరు మెదపడం లేదు, గమనించారా? ఇద్దరైతే ఫోన్ చేసి "సార్, ఒంట్లో బాగుందా?" అని కూడా అడిగారు. ఒంటికేం, గుండ్రాయిలా ఉన్నా. పోయింది పరువు! అదీ ఎక్కడో కాదు, మా స్కూలు స్టాఫ్ రూమ్‌లో, నా సొంత లాప్‌టాప్ ముందు. ఎట్లా పోయిందో చెప్తా. టీ తాగుతూ వినండి. నవ్వొస్తే నవ్వండి, నాకైతే ఇంకా రావట్లేదు.

నా సంగతి మీకు తెలిసిందే. నెల్లూరులో లెక్కల మాస్టారిని, ఇరవై ఏళ్లుగా ఎర్ర పెన్నుతో బతుకుతున్నవాణ్ణి. ఫోటోలు నా పిచ్చి. పదకొండేళ్లుగా గ్రూపుకి అడ్మిన్‌ని నేనే. ఆదివారం సాయంత్రం తలా ఒక ఫోటో పెడతారు, నేను ఫీడ్‌బ్యాక్ ఇస్తా. అట్లా ఇట్లా కాదు. ఆ ఫోటోని స్క్రీన్‌షాట్ తీసి, దాని మీద వేలితో ఎర్రగా గీతలు, సున్నాలు, బాణాలు గీసి, పదికి మార్కులేసి అందరి ముందూ పెడతా. "నేను తిట్టను, కన్‌స్ట్రక్టివ్‌గా చెప్తా" అనేది నా మాట. జనం నా వెనకాల దీన్ని ఏమంటారో నాకు ఈ మధ్యే తెలిసింది. అది ఇక్కడ చెప్పను.

నాలుగు నెలల కిందట ఒక ఆదివారం తెల్లారుజామున మైపాడు పోయాం. సూర్యోదయం తీసుకుని పదింటికల్లా చర్చికి తిరిగొచ్చేయొచ్చని ప్లాను. నాతో షీల గారు వచ్చారు. ఆమె నర్సు. గ్రూపులో కొత్త, కెమెరా లేదు, ఫోనుతోనే తీస్తారు. ఒడ్డున ఒక పెద్దాయన వల విప్పుకుంటున్నాడు. ఏమి మనిషండీ! ఎండకి కాలి, ఉప్పుకి నాని, చెక్కినట్టున్నాడు. "అన్నా, కాసేపు నిలబడతావా?" అన్నా. నిలబడ్డాడు. "సూర్యుడి ముందుకి రా." వచ్చాడు. "వల విసురు." విసిరాడు. "ఇంకోసారి." మళ్లీ విసిరాడు. ఆ నీళ్లల్లో చేపా లేదు, పాడూ లేదు, నా కోసం విసిరాడు. గంటసేపు! నేను రెండు వందల పన్నెండు ఫోటోలు తీశా. వచ్చేటప్పుడు 'ఫైన్ ఆర్ట్ ఫోటోగ్రాఫర్' అని వేయించుకున్న నా కార్డు కూడా ఒకటి చేతిలో పెట్టా. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, టోపీలో దాచుకున్నాడు.

ఆ సాయంత్రం నా ఫోటో గ్రూపులో పెట్టా. నిప్పులాంటి సూర్యుడు, ముందు నల్లటి మనిషి, గాల్లో వల. వావ్ సార్! క్యాలెండర్‌కి వేయించండి సార్! చప్పట్ల బొమ్మలే బొమ్మలు.

షీల గారు కూడా ఒకటి పెట్టారు. అదే పెద్దాయన. వల లేదు, సూర్యుడు లేడు. ఉత్త ముఖం, అంతే. నాకు చేతులు దురద పుట్టాయి. వెనకాల సముద్రం అంచు ఒక పక్కకి వాలిపోయిందని ఒక గీత. చెవి వెనకాల ప్లాస్టిక్ కుర్చీ మొలిచిందని ఒక బాణం. కళ్ల మీద నీడ అని ఒక ఇంటూ. నోటి చుట్టూ పెద్ద సున్నా చుట్టి, 'ఎక్స్‌ప్రెషన్?' అని ప్రశ్నార్థకం. కింద 'పదికి మూడు. ఇది ఆధార్ కార్డుకి పనికొస్తుంది. డిలీట్ చేసి మళ్లీ ప్రయత్నించండి' అని రాశా. ఆమె "థాంక్యూ సార్" అని దణ్ణం బొమ్మ పెట్టారు. ఐదు నిమిషాల్లో ఆమె ఫోటో గ్రూపులోంచి మాయం. చెప్పగానే తీసేసిందే, మంచి స్టూడెంట్ అనుకున్నా! ఆ తర్వాత ఆమె ఇంకో ఫోటో పెట్టలేదు. అది మాత్రం నేను పట్టించుకోలేదు.

ఇప్పుడు పోయిన వారానికి రండి. లంచ్ బెల్లు కొట్టారు. అటెండర్ వచ్చి "సార్, మీకోసం ఎవరో పెద్దామె" అన్నాడు. చూస్తే మైపాడు బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, చేతిలో నలిగిపోయిన నా కార్డు. ఎవరినో అడిగి నా స్కూలు ఆచూకీ తెలుసుకుందట.

"నేను ఆదెమ్మని నాయనా. పోలయ్య పెండ్లాన్ని."

పోలయ్య ఎవరో నాకు తెలియలేదు. గంటసేపు నిలబెట్టి, పేరు అడగలేదు నేను. కార్డు చూశాక వెలిగింది. "ఆయన బాగున్నాడా అమ్మా?" అన్నా.

"పోయినాడు నాయనా. రెండు నెలలైంది. గుండెలో నొప్పి అన్నాడు, ఆటో వచ్చేలోపలే అయిపోయింది."

కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చా. ఆమె ఏడవలేదు. నెమ్మదిగా చెప్పుకొచ్చింది. "ఆయనకి ఫోటోలంటే పడదు నాయనా. ఎవురన్నా సెల్లు ఎత్తితే లేచి పోతాడు. పెండ్లినాటి ఫోటో ఒకటి ఉండాది, అందులో మీసం కూడా రాలేదు. ఆధార్‌ది పెద్దది చేయిస్తే మసక మసకగా వచ్చింది. గోడకి పెట్టుకునే దానికి ఏమీ లేదు. నీకు మటుకు ఆ పొద్దు గంటసేపు నిలబడినాడంట గదా! ఇంటికొచ్చి ఒకటే చెప్పడం. 'నెల్లూరాయన నన్ను రెండొందల ఫోటోలు తీసినాడే' అని ఊరంతా చెప్పుకున్నాడు. ఒకటి ఇయ్యి నాయనా. చిన్నదైనా చాలు."

"ఒకటేంటమ్మా! కావలసినన్ని ఉన్నాయి" అని లాప్‌టాప్ తెరిచా. ఆ క్షణంలో నేనెంత పొంగిపోయానో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

మొదటిది నా క్యాలెండర్ ఫోటో. ఆమె ముందుకి వంగి చూసింది.

"ఎవురు నాయనా ఇది?"

"మీ ఆయనే అమ్మా."

"నల్లంగా ఉండాడే."

"అది... అట్లాగే తీస్తారమ్మా. వెలుగు వెనకాల ఉంటే..."

"సరే నాయనా" అంది మర్యాదగా. తర్వాతది నొక్కా. చేతులు, వల పట్టుకుని. ఆమె వెంటనే గుర్తుపట్టింది. వంకర తిరిగిన చిటికెన వేలి మీద తన వేలు పెట్టి, "ఇది తెడ్డు తగిలి ఇరిగింది" అంది. తర్వాత తడి ఇసకలో పాదాలు. తర్వాత వీపు. తర్వాత నీడ. తర్వాత వల మీద నీటి బొట్లు, వెనకాల మసకగా ఎవరో. తర్వాత మళ్లీ వీపు, ఈసారి బ్లాక్ అండ్ వైట్‌లో.

"మొకం ఉండేది చూపించు నాయనా."

"చూపిస్తానమ్మా, కింద ఉంటాయి."

కిందికి పోతున్నా. యాభై. వంద. చెమటలు పడుతున్నాయి. నూట ఎనభై దగ్గర ఒక చెవి దొరికింది. రెండు వందల పన్నెండు దగ్గర ఆగిపోయింది, ఇంక కిందికి పోవట్లేదు. మోకాళ్లు, మడమలు, మెడ నరాలు... అన్నీ ఉన్నాయండీ. ముఖం లేదు! ముఖం తీస్తే మామూలుగా ఉంటుందని గ్రూపులో అందరికీ పాఠం చెప్పినవాణ్ణి, నేనెందుకు తీస్తాను?

ఆదెమ్మ కుర్చీలో వెనక్కి జరిగింది. కొంగు సర్దుకుంది. నన్ను తిట్టినా బాగుండేది.

బయటికొచ్చి షీల గారికి ఫోన్ కొట్టా. డ్యూటీలో ఉన్నారు.

"షీల గారూ, మైపాడులో ఆ పెద్దాయన ఫోటో తీశారే..."

"డిలీట్ చేసేశాను సార్. మీరు చెప్పినారు కదా."

"ఫోన్‌లో కూడానా?"

"ఫోన్‌లో కూడా సార్. ఆ రోజు తీసినవన్నీ తీసేశా. నాకు చేతకాదులే అనుకున్నా."

ఎంత మామూలుగా చెప్పారో ఆ మాట! పిల్లల నోటుబుక్కుల్లో ఇన్నేళ్లు గీసిన ఇంటూలన్నీ గుర్తొచ్చాయి. సారీ చెప్పాలని నోరు తెరిచా, అదీ సరిగా రాలేదు. విషయం మాత్రం చెప్పా. ఆమె "సార్, మీరు గీసి పంపినారే, అది గ్రూపులో ఉంటుంది కదా?" అన్నారు.

ఉంది! నా గీతలు నేనెప్పుడు తీసేసుకున్నాను గనక! నాలుగు నెలలు వెనక్కి పోతే దొరికింది. ఆదెమ్మకి చూపించకుండా ముందు నేనే చూసుకోవాలనుకున్నా. ఈలోపే ఆమె లేచి బయటికొచ్చి నా పక్కనే నిలబడింది. ఫోన్ నా చేతిలోంచి తీసుకుంది.

"ఈయనే! ఈయనే నాయనా!" తర్వాత మెల్లగా, "ఈ ఎర్ర గీతలేంది?"

దేవుడు నన్ను క్షమించాలి. "నెట్‌వర్క్ సరిగ్గా లేకపోతే అట్లా పడతాయమ్మా" అన్నా.

"అంతేలే, మా ఊళ్లో కూడా సిగ్నలు ఉండదు" అంది ఆమె, నన్ను ఓదారుస్తున్నట్టు.

రెండు రోజుల్లో శుభ్రం చేసి ఫ్రేము కట్టించి తెస్తానని మాటిచ్చి బస్సెక్కించా. ఫోన్‌లో గీతలు చెరిపే బటనుంది కదా, నోటి చుట్టూ సున్నా చెరిపా. ఆ ఖాళీని ఫోనే సొంతంగా నింపేసింది, పోలయ్యకి ముప్పై రెండు పళ్లు మొలిచాయి, తెల్లగా, ఎవరో హీరోవి! భయపడి ఆపేసి, లాప్‌టాప్‌లో వేసి, చిన్న బ్రష్షుతో చుక్క చుక్కా తుడుస్తూ కూర్చున్నా. రెండు సాయంత్రాలు. ఆ నోటి చుట్టూ సున్నా తీశాక తెలిసింది, మనిషి నవ్వబోతున్నాడు. "టీ తాగినావా పెద్దాయనా అని అడిగినా సార్, అప్పుడు తీసినా" అని తర్వాత షీల గారు చెప్పారు. దానికే నేను 'ఎక్స్‌ప్రెషన్?' అని రాసింది.

తుడిచింది షీల గారికి పంపి, "చూసి ఫీడ్‌బ్యాక్ ఇవ్వండి" అని అడిగా. ఈ మాట నేను ఒకరిని అడగడం ఇదే మొదలు.

"బాగుంది సార్. ఎడమ చెంప మీద ముడత పోయింది, అది ఉండాల."

ముడత పెట్టి పంపా.

"ఎడమ కన్ను కొంచెం చిన్నదిగా ఉండేది సార్. మీరు రెండూ ఒకటి చేసేశారు."

చిన్నది చేసి పంపా. గడ్డం కింద గాటు ఉండేదన్నారు, పెట్టా. నాకు ఏదీ గుర్తులేదు. గంటసేపు కెమెరాలోంచి చూసినవాణ్ణి నేను, రెండు నిమిషాలు నిలబడి మాట్లాడింది ఆమె. వాలిన సముద్రాన్ని మాత్రం సరిచెయ్యలేదు. చెయ్యాలని ఫోటోని పక్కకి తిప్పితే అంచులో చెవి తెగిపోతోంది.

మొన్న ఆదివారం చర్చి అయ్యాక ఇద్దరం ఫ్రేము పట్టుకుని మైపాడు పోయాం. ఆదెమ్మ వాకిట్లోనే కూర్చుని ఉంది. ఫ్రేము ఒళ్లో పెట్టుకుంది. అద్దం శుభ్రంగానే ఉంది, అయినా కొంగుతో తుడిచింది. మళ్లీ తుడిచింది. అప్పుడు ఏడ్చింది. షీల గారు పక్కన కూర్చుని ఆమె వీపు మీద చెయ్యేశారు. నేను కూడా కళ్లు తుడుచుకున్నా, దాచడమెందుకు.

కాసేపటికి ఆదెమ్మ అడిగింది, "ఎవురు తీసినారు ఇది?"

షీల గారు నా వైపు చూశారు. "ఈమే అమ్మా" అన్నా నేను.

ఆదెమ్మ షీల గారి చెయ్యి పట్టుకుంది. తర్వాత నా వైపు తిరిగి నన్ను ఎగాదిగా చూసింది. కోపమేమీ లేదండీ, జాలి. ఆ రోజు లాప్‌టాప్‌లో చూసిన మోకాళ్లూ మడమలూ కళ్ల ముందు తిరిగినట్టున్నాయి. మా గ్రూపులో ఎవరూ ఎవరికీ ఎప్పుడూ చెప్పనంత మెత్తగా చెప్పింది:

"నీకు కొత్తనుకుంటా నాయనా. బాధపడమాక. ఈ పాప దగ్గిర నాలుగు దినాలు నేర్చుకో, నీకూ వస్తాది."

"అట్లాగేనమ్మా" అన్నా. పదకొండేళ్ల అడ్మిన్‌ని, ఇంకేమంటాను?