నిండుకుందంటే నిండిందనుకున్నారు

కదిరిలో అనంతపురం బస్సు ఎక్కేసరికి పొద్దున ఆరున్నర. నేనూ, మా ఇంటామె సుబ్బమ్మా. పాడుబడిన మిల్లులను బాగుచేసి తెరిస్తే ఖర్చులో కొంత సర్కారు ఇస్తుందని విని, కరువుల్లో మూతబడ్డ మా నూనె మిల్లుకు దరఖాస్తు పెట్టాను. కుదరదని జాబు వచ్చింది. మళ్ళీ పెట్టుకునే గడువు ఆ సాయంత్రంతో సరి.

ముందు సీట్లో నారాయణమ్మ కనబడింది. మా మిల్లులో వేరుశనగ గింజలు ఏరిన మనిషే. ఇప్పుడు అనంతపురంలో బేల్దారి పని, కట్టే ఇళ్ళకు ఇటుకలు మోస్తుంది.

"పిల్లోళ్ళను వారానికొకతూరి చూసి పోతాండా సెట్టీ. మిల్లు తెరిస్తే నన్ను మర్చిపోవద్దు" అంది.

ముదిగుబ్బలో ఉగ్గాని, బజ్జీ తిన్నాం. బజ్జీ కారం, టీ చక్కెర నీళ్ళు.

పది దాటాక ఆఫీసు చేరాం. అధికారి ఉత్తరాదివాడు, తెలుగు పుస్తకాల్లో నేర్చినవాడు. నా కాగితం నాకే చూపించాడు. "సరుకు నిండుకున్నది అని మీరే వ్రాశారు. నిండుగా ఉన్న మిల్లు పాడుబడినది ఎట్లా అవుతుంది?"

సుబ్బమ్మ అందుకుంది. "అయ్యో సామీ! ఇంట్లో బియ్యం అయిపోతే లేవంటామా? నిండుకున్నాయంటాం. లేవంటే లక్ష్మి పోతాది!"

పక్కన గుమాస్తా పకపకా నవ్వాడు. అధికారి కూడా నవ్వి కొత్త ఫారం ఇచ్చాడు. "పాడుబడినది అనే వ్రాయాలి. నిబంధనలో ఉన్న మాట అదే."

మా నాయన చెప్పులు విడిచి అడుగుపెట్టిన మిల్లు అది. కలం కదల్లేదు. గడియారం పన్నెండు చూపిస్తోంది. కళ్ళు మూసుకుని రాసేశాను. ఏడుపొచ్చింది, నిజం చెప్తున్నా.

బయటికొస్తుంటే గుమాస్తా వెనకే వచ్చాడు. "సెట్టీ, శుక్రవారం మిల్లు చూసేకి వస్తారు. వాకిట్లో ముగ్గు కనపడితే వాడకంలో ఉండాదని రాస్తారు, చూసుకోప్పా."

మీలో ఎవరైనా ఈ పని మీద పోతే మధ్యాహ్నంలోపే చేరండి. ఒంటిగంటకు భోజనాలని లేస్తే మళ్ళీ మూడింటికే. ఫారంలో మాత్రం ఇంటి మర్యాదలు పెట్టకండి.

తిరుగు బస్సు బత్తలపల్లి దాటాక సుబ్బమ్మ వైపు తిరిగాను. మిల్లు మూతబడిననాటి నుంచీ ప్రతి శుక్రవారం ఆ వాకిలి ఊడ్చి ముగ్గేసేది ఆమే.

"ఈ ఒక్క వారం మానుకో" అన్నాను మెల్లగా.

"మానుకుంటా" అంది కిటికీలోంచి చూస్తూ, కొంగుతో కళ్ళు తుడుచుకుని. "వాళ్ళు చూసిపోయి జీపు సందు దాటితే చాలు, రోడ్డుకు అడ్డంగా ముగ్గేస్తా. అప్పుడు మాత్రం నాకు ఎదురు చెప్పొద్దు."