నాటేవాళ్ళను పిలవని శిక్షణ

2010 వానాకాలం. రాజేంద్రనగర్‌లో ఉంటూ శంషాబాద్ చుట్టుపక్కల పల్లెలు చూసే వ్యవసాయ విస్తరణాధికారిని నేను. కొత్త సాగు పద్ధతులను రైతులకు నేర్పడం మా ఉద్యోగం. అప్పటికే ఆ పల్లెల్లో చాలా పొలాలకు ప్లాట్ల రాళ్ళు పడ్డాయి. మిగిలినవాటికి బోర్లే దిక్కు. ఆ బోర్లలో నీళ్ళు కూడా ఏటికేడు తగ్గిపోతున్నాయి.

ఆ ఏడు తక్కువ నీటితో పండే శ్రీ వరి నేర్పమన్నారు. పది పన్నెండు రోజుల లేత నారును ఒక్కో మొక్కగా, జానెడు ఎడంతో నాటాలి. పొలం తడిగా ఉంటే చాలు, మామూలు వరికి లాగా నీళ్ళు నిలబెట్టక్కర్లేదు. పట్టాదారులందరికీ నోటీసులు పంపి పంచాయతీ ఆఫీసులో శిక్షణ పెట్టాను. ఎయిర్‌పోర్టు క్యాబ్ నడిపే మల్లేశ్ డ్యూటీ మానుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. చెప్పిందంతా రాసుకున్నాడు, ఉప్మా తిన్నాడు, ఫొటో దిగి వెళ్ళాడు. అతని ఎకరాన్నే డెమో ప్లాటుగా, అంటే నలుగురికీ చూపించే పొలంగా ఎంచుకున్నాను.

నాట్ల రోజున వెళ్ళేసరికి మల్లేశ్ లేడు. అతని భార్య అండాలు, కూలికి వచ్చిన తొమ్మిది మంది ఆడవాళ్ళు అప్పటికే అరెకరం నాటేశారు. ముదురు నారు, గుత్తులు గుత్తులుగా. నాకు ఒళ్ళు మండింది.

"ఏమమ్మా, మూడు గంటలు నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. ఇదేనా నేర్చుకున్నది?"

అండాలు బురద చేతులతోనే నడుమెత్తి నిలబడింది. "ఎవలికి చెప్పిన్రు సార్?"

"మీ ఆయనకు."

"ఆయన ఎన్నడు నాటిండు? లేత నారు, దూరం దూరం అని ఏందో అన్నడు. ఎన్ని దినాలదంటే కాయితంల ఉన్నదన్నడు. కాయితం కారుల ఉన్నదట!"

కూలీలు నవ్వారు. ఆమె నవ్వలేదు.

"మా బోరు గంటసేపు పోసి ఆగుతున్నది సార్. ఈసారి పంట ఎండితే పొలం ప్లాట్లోళ్ళకు ఇస్తనంటున్నడు. నాకు ఈ పని తప్ప ఏమొస్తది? జర ముందుగాల నాతోని చెప్తే ఏమైతుండె?"

సిగ్గేసింది. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. అసలు వినాల్సినవాళ్ళెవరో కూడా నేను చూసుకోలేదు. నాట్లు వేసేది ఆడవాళ్ళేనని చిన్నప్పటి నుంచీ చూస్తూనే, ఆరేళ్ళ సర్వీసులో నాటడం ఎలాగో మగవాళ్ళకు మాత్రమే నేర్పాను.

మిగిలిన అరెకరం కోసం కొత్తగా నారు పోయించాను. పదకొండో రోజు గట్టు మీదే పాఠం మొదలుపెట్టాను. మార్కర్, అంటే బురదలో గళ్ళు గీసే పరికరం, లాగి చూపిస్తుంటే అండాలు అడ్డొచ్చింది.

"సార్, మేం ఎనకకు నడుసుకుంట నాటుతం. మీరు గీసిన గీతలు మా కాళ్ళ కిందనే పోతయి."

పంచాయతీ ఆఫీసులో ఏ మగవాడూ ఆ ముక్క అనలేదు. తోచలేదు కాబోలు. ఆడవాళ్ళే ఒక తాడుకు జానెడుకో గుడ్డపీలిక కట్టి, దాన్ని వెనక్కి జరుపుకుంటూ నాటారు.

పైరు కంకి వేసే పొట్టదశకు వచ్చేసరికి బోరు మరీ సన్నబడింది. మొదట నాటిన అరెకరం చాలావరకు ఎండిపోయింది. అది నా వల్ల పోయిన పంట. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. తాడు పట్టి నాటిన అరెకరం మాత్రం తట్టుకుని, ఇంటి తిండికి సరిపడా గింజలిచ్చింది.

కోతల రోజున ప్లాట్ల బ్రోకరు గట్టు మీదికే వచ్చి మల్లేశ్‌ను పట్టుకున్నాడు. మల్లేశ్ ఎండిన వైపూ, కోస్తున్న వైపూ చూశాడు.

"పట్టా నా పేరు మీదనే ఉన్నది గని అన్నా, సాగు సంగతి నాకు తెల్వదు. ఇగ ఏమన్నుంటే అండాలునే అడుగు."

బ్రోకరు ఆమె వైపు తిరిగాడు. అండాలు కొడవలి ఆపలేదు.

"అమ్మం," అంది.

స్త్రీవాదమనే మాట అంతవరకు నేను పత్రికల ఆదివారం అనుబంధాల్లో చూసిందే. వరి పొలంలో దానికేం పని అనుకునేవాణ్ణి. ఆ తర్వాత ఏ పల్లెలో ఏది నేర్పాలన్నా, ఈ పని చేసేదెవరని ముందు అడిగి, వాళ్ళ పేరునే నోటీసు రాశాను. అడగడానికి నిమిషం పట్టదు. నాకు ఆరేళ్ళు పట్టింది. ఆ ఆలస్యానికి ఎండింది మాత్రం అండాలు పొలం.